మిన్ పిన్ తెచ్చుకునే ముందు మీ ఇంటికి పెట్టాల్సిన పరీక్షలు

ఈమధ్య హన్మకొండల ఏ కాలనీకి పోయినా చిన్న కుక్కలు మస్తు కనబడుతున్నయి. పగ్గులు, షిజూలు, పామ్‌లు (పామరేనియన్లు) ఎప్పటినుంచో ఉన్నయి, ఇప్పుడు అందరి కన్ను మిన్ పిన్ మీద పడ్డది. అంటే మినియేచర్ పిన్షర్. నున్నటి బొచ్చు, నిలబడ్డ చెవులు, సన్న నడుము, ముందు కాళ్లు గుర్రం లెక్క ఎత్తెత్తి వేసుకుంట నడుస్తది, రీల్స్‌ల చూస్తే ఎవరికైనా మనసైతది. మా ఇంట్ల ఒకటి ఉన్నది కాబట్టి గల్లీల అందరూ నన్నే అడుగుతరు, "అన్నా, చిన్నదే కదా, మేం కూడా తెచ్చుకోమంటవా" అని. ఆ "చిన్నదే కదా" అన్న దగ్గర్నే కథంతా ఉన్నది. దాని సైజు సంగతి దానికి తెల్వదు, మనకు మాత్రం తెల్సు, అందుకే మనం తేలిగ్గ తీసుకుంటం. ఈ కుక్క మీ ఇంటికి నప్పుతదా లేదా అనేది దాని బరువు చూసి చెప్పలేం, మీ ఇంట్ల గేటు ఎవరు వేస్తరు, పొద్దుగాల ఎవరు లేస్తరు, కింద ఎంత చిన్న పిల్లలు తిరుగుతున్నరు, ఇవన్నీ చూసి చెప్పాలె. ఎట్ల చూస్కోవాలో రాస్తున్న, పైసలు పెట్టకముందే ఇంట్ల కూసోని చేసుకునే పరీక్షలే ఇవన్నీ.

దాని పుట్టుక ఏందో తెలుసుకోండి

అమ్మేటోళ్లు దీన్ని "మినీ డాబర్‌మన్" అని చెప్పి అమ్ముతరు, ఆ మాట వినంగనే మీరు ఒక అడుగు వెనక్కి వేయండి. డాబర్‌మన్‌ని జర్మనీల 1890ల చుట్టుపక్కల తయారు చేసిన్రు, ఈ చిన్న పిన్షర్లు అంతకన్న ముందునుంచే అక్కడ పశువుల కొట్టాల్లల్ల, గుర్రాల సాలల్ల ఎలుకలు పట్టుకుంట బతికినయి. 1895ల జర్మనీల పిన్షర్ క్లబ్ పెట్టుకున్నరు, 1925ల అమెరికన్ కెన్నెల్ క్లబ్ కూడా ఈ జాతిని గుర్తించింది. ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 4 నుంచి 6 కేజీలు, ఆరోగ్యంగ ఉంటే 12 ఏండ్లు పైనే బతుకుతది. అంటే ఇవ్వాళ మూడో తరగతిల ఉన్న మీ పిలగాడు ఇంజనీరింగ్ చేరి హాస్టల్‌కు పోయినంక కూడా అది మీ ఇంట్లనే ఉంటది, దాన్ని చూస్కునేది మీరే. "పిల్లల కోసం" అని తెచ్చేటోళ్లు ఈ లెక్క ఒక్కటి వేసుకుంటే చాలు.

ఎలుకలు పట్టిన జాతి అనేది ఊరికే చరిత్ర ముచ్చట కాదు, మీ ఇంట్ల రోజూ కనబడే ముచ్చట. ఎలుక ఉరికినప్పుడు యజమాని చెప్పేదాక ఆగే కుక్కకు ఎలుక దొరకదు కదా, అందుకని తనంతట తనే చూసి, తనే నిర్ణయం తీసుకోని, తనే ఉరుకుడు దాని రక్తంల ఉన్నది. మా ఇంట్ల బియ్యం బస్తాలు గోడకు పేర్చినప్పుడు చూడాలె, బస్తాకు గోడకు మధ్యన సందుల మూతి పెట్టి, తోక నిటారుగ లేపి, వెనక కాళ్లు సన్నగ వణుక్కుంట నిలబడ్తది, పేరు పెట్టి పిలిస్తే ఒక్క చెవి మాత్రం మన దిక్కు తిరుగుతది, కుక్క రాదు. బిస్కెట్ చూపిచ్చినా రాదు. అక్కడ ఎలుక ఉన్నట్టే, రాత్రి బోను పెట్టుకోవచ్చు. ఇది చూసి నవ్వొచ్చేటోళ్లకు ఈ కుక్క నప్పుతది, ఇది చూసి "చెప్పిన మాట వినదేంది" అని కోపమొచ్చేటోళ్లకు నప్పదు. సీరియస్‌గనే చెప్తున్న, ఇదే పెద్ద తేడా.

గేటు పరీక్ష

నా లెక్కల ఇదే అన్నిటికన్న పెద్ద పరీక్ష. మిన్ పిన్‌లు ఇల్లు దాటి ఉరుకుడుల పేరు మోసినయి, ఏ దేశంల అడిగినా పెంచెటోళ్లు చెప్పేది ఇదే.

మన దిక్కు ఇండ్లకు నిలువు ఊచల ఐరన్ గేట్లు ఎక్కువ. ఊచల సందుల మీ పిడికిలి దూరిందంటే రెండు నెలల కుక్కపిల్ల ఆరాంగ దూరుతది. పెద్దయినంక కూడా తలకాయ పట్టిందంటే మిగతా ఒళ్లు ఎట్లనన్న చేసి గుంజుకుంటది. గేటు కింద సందు, వాన నీళ్లు పోనీకి గోడకు పెట్టిన బొంద, మేడ మీద పిట్టగోడల డిజైన్ కోసం వదిలిన రంధ్రాలు, మెట్ల రెయిలింగ్, ఇవన్నీ నేల మీద కూసోని, దాని ఎత్తున కండ్లు పెట్టి చూడండి, నిలబడి చూస్తే సగం కనబడయి. గేటుకు కింద రెండు మూడు ఫీట్ల దాక జాలీ వెల్డింగ్ కొట్టిస్తే అయిపోతది, పెద్ద ఖర్చేం కాదు, కాని కుక్క వచ్చినంక చేపిస్తం అనేటోళ్లు ఎప్పటికీ చేపియ్యరు, ముందే చేపియ్యాలె.

గేటు కన్న కష్టం గేటు వేసే మనుషులు. ఒక పని చేయండి. గేటు పక్కన గోడకు ఒక కాయితం అతికించి పెన్ను కట్టండి, వారం రోజులు, గేటు తెరిచి ఉన్నది ఎవరు చూస్తే వాళ్లు వేసి ఒక గీత గీయాలె. పాలాయన, పనికొచ్చే అక్క, సిలిండర్ పిలగాడు, పై పోర్షన్ కిరాయిదార్లు, బండి బయటికి తీసి స్టార్ట్ చేస్కొని అట్లనే పోయే మీ తమ్ముడు, అందరి గీతలు పడ్తయి. వారం అయినంక చూస్తే మీకే అర్థమైతది. రోజుకు ఒకటి రెండు గీతలు ఉంటే ఇంటోళ్లకు చెప్పి అలవాటు చేపియ్యొచ్చు. కాయితం నిండిపోయిందంటే, కిరాయిదార్లు మూడు కుటుంబాలు అదే గేటు వాడుకుంటున్నరంటే, లోపల ఇంకో తలుపో చిన్న గేటో పెట్టిచ్చేదాక ఈ కుక్క వద్దు. ఎందుకంటే బయటికి ఉరికిన మిన్ పిన్ పిలిస్తే రాదు, దానికది ఆట అనుకుంటది, మీరు ఎంత ఉరికితే అది అంత ఉరుకుతది, ఆ రోడ్డు మీద ఆటోలు, బైకులు ఎట్ల పోతయో మీకు తెల్సిందే.

అపార్ట్‌మెంటోళ్లకు ఈ విషయంల కొంత నయం, ఒక్కటే దర్వాజ, బాల్కనీ గ్రిల్ మాత్రం చూస్కోవాలె. బయటికి తోలుకపోయినప్పుడు మెడ పట్టీ కన్న హార్నెస్ (ఛాతీ చుట్టు వేసే పట్టీ) మేలు, ఇంత చిన్న జాతుల్ల గొంతు గొట్టం నాజూకు, తాడు గుంజితే దగ్గు పట్టుకుంటది. గ్రౌండ్ ఖాళీగ ఉన్నదని తాడు మాత్రం ఇడవకండి.

ఇంట్ల మనుషులు

నాలుగైదేండ్ల లోపు పిల్లలున్నరంటే నేనైతే ఆగమనే చెప్తా. కుక్క కరుస్తదని మాత్రమే కాదు, కుక్కకే ఎక్కువ ప్రమాదం. దాని ముందు కాళ్లు పెన్సిల్ అంత సన్నం, పిల్లగాడు ఎత్తుకోని జారవిడిస్తే, దివాన్ మీదికెల్లి అదే దుంకితే, ఎముక విరుగుతది, చిన్న జాతుల్ల ఇది డాక్టర్లు మామూలుగ చూసే కేసు. ఇటు దిక్కు చూస్తే, తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి పోయినా, నోట్ల ఉన్నది గుంజుకున్నా గుర్రుమనే గుణం దీనికి ఉన్నది, చిన్నప్పటినుంచి నేర్పితే తగ్గుతది కాని రెండేండ్ల పిలగాడికి ఆగు అంటే ఏం అర్థమైతది. పిల్లలు ఆరేడు ఏండ్లు దాటి, చెప్తే వినేటట్టు ఉంటే బాగ కలిసిపోతది, వాళ్లతోని ఆడీ ఆడీ అలిసిపోయేది కూడా పిల్లలే.

కింద పడ్డ వస్తువు ఏదైనా దాని నోట్లకే పోతది. బలపం ముక్క, హెయిర్ క్లిప్పు, రిమోట్ సెల్లు, నాయినమ్మ బీపీ గోలీ. గోలీల డబ్బా దివాన్ పక్కన పెట్టుకునే ముసలోళ్లున్న ఇంట్ల ఈ ఒక్కటీ గట్టిగ చూస్కోవాలె. ముసలోళ్ల కాళ్లల్ల తిరుగుడు ఇంకో సమస్య, కట్టె పట్టుకోని మెల్లగ నడిచేటోళ్లకు ఇది కాళ్ల మధ్యల దూరిందంటే పడిపోతరు. అట్లని ముసలోళ్లతోని కలవదని కాదు, పగలంతా ఇంట్ల ఒక మనిషి కూసోని ఉంటే అంతకన్న దానికి ఏం గావాలె, వాళ్ల ఒళ్లె ఎక్కి పండుకుంటది. నాయినమ్మ ఓకే అన్నదా లేదా అనేది మీరు అడిగి తెలుసుకోండి, "ఆమెకేం, అలవాటైతది" అని మీరే అనుకోకండి, పూజగది దాక కుక్క పోతే ఆమెకు కష్టమైతే ఆ కొట్లాట పదేండ్లు నడుస్తది.

మొగుడు పెండ్లాం ఇద్దరు డ్యూటీకి పోయి, ఇల్లు పొద్దున తొమ్మిదికి తాళమేసి సాయంత్రం ఏడుకు తెరిచే ఇంట్లకైతే వద్దు. పెద్దయిన కుక్క నాలుగైదు గంటలు ఒంటరిగ ఉంటది, అంతకన్న ఎక్కువైతే తలుపు గీకుడు, పరుపు చింపుడు, ఆగకుండ మొరుగుడు మొదలైతది. కుక్కపిల్లనైతే రెండు గంటలకోసారి మూత్రానికి బయటికి తోలుకపోవాలె, రోజుకు మూడు నాలుగు సార్లు తినవెట్టాలె, ఇంత చిన్న కుక్కపిల్లలు ఆకలితోని ఎక్కువసేపు ఉంటే షుగర్ పడిపోయి తూలుతయి.

కుక్క లేకుండ రెండు వారాలు వాకింగ్

నవ్వకండి, చేసి చూడండి. అలారం పెట్టుకోని పొద్దుగాల అరగంట, సాయంత్రం అరగంట, ఉత్త చేతులతోని నడిచి రండి. ఆర్ట్స్ కాలేజీ దిక్కో, వడ్డేపల్లి చెరువు దిక్కో, మీ గల్లీల్నో. వాన పడ్డా పోవాలె, ఆదివారం కూడా పోవాలె, రాత్రి పెండ్లికి పోయి లేటుగ వచ్చిన తెల్లారి కూడా పోవాలె. ఎవరు పోతరు అనేది ఇంట్ల ముందే పంచుకోండి. మూడో రోజుకే "నాకు నిద్రొస్తుంది, నువ్వు పో" మొదలైతే మీకు జవాబు దొరికినట్టే. దీనికి రోజుకు ముప్పావుగంట నుంచి గంట దాక తిరుగుడు ఉండాలె, అది దొరకకపోతే ఆ ఊపంతా ఇంట్ల తీస్తది, సోఫా మీదికెల్లి కుర్చీ మీదికి, కుర్చీ మీదికెల్లి కిటికీ మీదికి.

తిరుగుడు ఒక్కటే కూడా సరిపోదు, బుర్రకు పని గావాలె. పాత తువ్వాలల ఫుడ్డు గింజలు చుట్టి ముడేసి ఇస్తే విప్పుకుంట పది నిమిషాలు కూసుంటది, ఐదు నిమిషాలు కూర్చో, ఆగు, రా అని నేర్పిస్తే మంచిగ అలసిపోతది. ఎక్కువసేపు నేర్పియ్యొద్దు, ఐదు నిమిషాలు దాటితే దానికి బోర్ కొడ్తది, లేచి పోతది. కొట్టి నేర్పిస్త అనేటోళ్లు దీన్ని తేవద్దు, దెబ్బ తిన్న మిన్ పిన్ ఇంకింత మొండిదైతది, తర్వాత చెయ్యి దగ్గరికొస్తే పండ్లు చూపిస్తది.

మొరుగుడు

మొరుగుతది. ఎంత నేర్పినా మొరుగుతది, తగ్గుతది గాని బందు కాదు. కాలింగ్ బెల్, మెట్ల మీద చెప్పుల చప్పుడు, కూరగాయల బండి మైకు, పక్కింటి కుక్కర్ విజిల్, అన్నిటికి జవాబు చెప్తది. గొంతు సన్నం కాబట్టి చెవులకు ఇంకా గుచ్చుతది. సొంతిల్లయితే పక్కింటోళ్లతోని ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి, ముఖ్యంగ నైట్ డ్యూటీ చేసి పగలు పండుకునేటోళ్లుంటే, పదో తరగతి ఇంటర్ పిల్లలుంటే. కిరాయి ఇల్లయితే ఓనర్ దగ్గర ముందే అడగండి, "చిన్న కుక్క సార్, తెల్వనే తెల్వదు" అని అబద్ధం చెప్పకండి, మొదటి రోజే తెలుస్తది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కుక్కలే వద్దు అని రూల్ పెట్టొద్దని, లిఫ్టు బంద్ చేయొద్దని యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఆఫ్ ఇండియా 2015ల గైడ్‌లైన్స్ ఇచ్చింది, అది మీ చేతుల ఉన్నా కూడా రోజూ కలిసే పక్క ఫ్లాటాయనతోని కాగితాలు చూపెట్టుకుంట బతుకుడు కష్టం, మంచిగ మాట్లాడుకుంటేనే నడుస్తది.

బరాత్ డీజేలు, గణేష్ నిమజ్జనం, దీపావళి పటాకులు, వీటికి ఏం చేస్తరో కూడా ఆలోచించుకోండి. మెయిన్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్ పక్కన ఇల్లుంటే పెండ్లిళ్ల సీజన్ అంతా దానికి నరకమే. లోపలి అర్రల, కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో పెట్టి, పక్కన ఒకరు కూసునేటట్టు ఉండాలె.

బయట ఏమున్నది

మన గల్లీల్ల వీధి కుక్కలు గుంపుగ ఉంటయి, వాటి జాగా వాటిది. పెద్ద జాతి కుక్కలు చాలావరకు ఆ గుంపును చూసి ఆగుతయి, ఇది మాత్రం ముందుకు దుంకి మీదికి పోతది, ఐదు కేజీల ఒళ్లుతోని. వాకింగుకు పోయే దారి ఒకసారి కుక్క లేకుండ నడిచినప్పుడే చూస్కోండి, ఏ మూలన గుంపు ఉన్నది, ఏ టైముకు ఉంటది. గుంపు ఎదురైతే దీన్ని ఎత్తుకోని ఉరకకండి, తాడు పొట్టిగ పట్టుకోని మెల్లగ పక్కకు తిరిగి పోండి. రేబిస్ టీకా మూడు నెలల వయసుల మొదటిది, తర్వాత ఏడాదికోసారి తప్పకుండ వేపియ్యాలె. మీకో పిల్లలకో ఏ కుక్కదైనా పన్ను గీరుకపోతే సబ్బుతోని నీళ్ల ధార కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు దవాఖానకు పోండి, పసుపు కారం పెట్టకండి.

కోతుల సంగతి వేరే చెప్పాలె, మన దగ్గర ఇది పుస్తకాల్ల దొరకని సమస్య. కోతుల గుంపు మేడ మీదికి రాంగనే మిన్ పిన్‌కు పూనకమొస్తది, ఒక్కటే దుంకుడు, గుంపుల పెద్ద మగ కోతి ఒక్కసారి పట్టి కరిచిందంటే ఈ సైజు కుక్క తట్టుకోదు. కోతులు తిరిగే కాలనీ అయితే మేడ మీద దాన్ని ఒంటరిగ ఇడవొద్దు, మామిడి చెట్టు జామ చెట్టు ఉన్న పెరడైతే పండ్ల సీజన్‌ల మరీ చూస్కోవాలె. ఊర్లె ఇల్లు, పొలం దగ్గర ఇల్లు అయితే పాములు. పెద్ద కుక్కకు, దీనికి పాము ఇడిసే విషం అంతే, ఒళ్లు మాత్రం చిన్నది, పైగా కదిలేది ఏది కనబడ్డా ఇది మూతి పెడ్తది. అట్లాంటి దగ్గర రాత్రి పూట లోపలే ఉంచాలె, దగ్గర్ల ఏ డాక్టర్ దగ్గర పాము కాటుకు మందు దొరుకుతదో ముందే అడిగి పెట్టుకోవాలె.

నాటుకోళ్లు పెంచెటోళ్లు, చెప్పుడెందుకు, కోడిపిల్లలు మిగలయి. ఇంట్ల చిలుక, కుందేలు, తెల్లెలుకలు ఉన్నా అంతే. చిన్నప్పటినుంచి పిల్లితోని పెరిగితే ఆ పిల్లితోని ఉంటది, గోడ మీది పిల్లిని మాత్రం ఇడవదు.

ఎండ, చలి, దవాఖాన

రోహిణి కార్తెల మన వరంగల్ ఎట్ల కాల్తదో వేరే చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలలల్ల పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఏడు దాటినంకనే బయటికి. సీసీ రోడ్డు మీద అరచెయ్యి వెనక దిక్కు ఏడు సెకండ్లు పెట్టి చూడండి, పెట్టలేకపోతే దాని కాళ్లు కూడా పెట్టలేవు. దీని మూతి పొడుగే కాబట్టి పగ్గుకన్న ఎండను నయంగ తట్టుకుంటది, మూతి చప్పిడిగ ఉన్న జాతులకు మన ఎండాకాలం చాలా ప్రమాదం, ఏసీ లేని ఇంట్లకు పగ్ తేవద్దనే నా మాట. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్, మనకు జ్వరం అనిపించేది దానికి మామూలు, 104 దాటి రొప్పుతుంటే మామూలు నీళ్లతోని ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టి దవాఖానకు ఉరకాలె. డిసెంబర్, జనవరిల పొద్దుగాల చలికి మాత్రం వణుకుతది, బొచ్చు పొట్టిది కదా, స్వెట్టర్ ఫ్యాషన్ కాదు దీనికి, అవసరం.

బొచ్చు పని దాదాపు ఏం లేదు, వారానికోసారి తడిగుడ్డతోని తుడిస్తే అయిపోతది. గోమార్లు మాత్రం వానాకాలం చెవుల లోపల, వేళ్ల సందుల్ల రోజూ వెతకాలె, వాటితోని వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర మస్తు కుక్కలను తింటది. తిండి ఖర్చు తక్కువే, పెద్ద మిన్ పిన్‌కు రోజుకు 80 నుంచి 100 గ్రాముల డ్రై ఫుడ్ చాలు, ఇంట్ల వండేదైతే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. మిగిలిన మటన్ కూర పెడితే అందుల ఉల్లిగడ్డ ఉంటది, అది కుక్క రక్తానికి చెరుపు, ఉడికిన కోడి బొక్కలు పేగులల్ల గుచ్చుకుంటయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ అసలే వద్దు. సుట్టాలు వచ్చి ప్రేమతోని పెట్టకుండ ఆపే ధైర్యం ఇంట్ల ఎవరికన్న ఉండాలె.

పెద్ద ఖర్చంతా దవాఖానదే. ఈ జాతిల వెనక కాలు మోకాలి చిప్ప పక్కకు జారుడు ఉంటది, ఉరుకుతుంటే రెండడుగులు మూడు కాళ్ల మీద గెంతి మళ్లీ మామూలుగ నడుస్తదంటే అదే. తుంటి దగ్గర తొడ ఎముక తల అరిగే లెగ్ కాల్వే పెర్తిస్ అనేది కూడా చిన్న వయసులనే వస్తది. రెండింటికీ ఆపరేషన్ దాక పోవచ్చు. మామునూరుల వెటర్నరీ కాలేజీ ఉన్నది, చూపెట్టుకునే టైమింగ్స్ కనుక్కోండి, ఇంటి దగ్గర ఒక ప్రైవేట్ డాక్టర్‌ని కూడా కుక్క రాకముందే పోయి కలిసి, రాత్రి పూట ఎమర్జెన్సీ చూస్తరా అని అడగండి. పెంపుడు కుక్కల రిజిస్ట్రేషన్ గురించి బల్దియాల అడిగి పెట్టుకోండి.

పిల్లను కాదు, పెద్ద కుక్కను చూడండి

పిల్ల ఏ జాతిదైనా ముద్దుగనే ఉంటది, దాన్ని చూసి ఏం తెల్వదు. రెండు మూడేండ్ల మిన్ పిన్ ఉన్న ఇంటికి సాయంత్రం పూట, బెల్లు మోగే టైముల, గంటసేపు పోయి కూసోండి. పిల్లలను కూడా తోలుకపోండి. గంట అయినంక మీకు తలనొప్పి వచ్చిందా, ఇంకా కూసోబుద్ధైతుందా చూస్కోండి. ఆ ఇంటోళ్లను "మంచిగుంటదా" అని అడగకండి, మంచిగుంటదనే చెప్తరు, "ఎన్నిసార్లు తప్పిపోయింది, ఊరికి పోతే ఎవరి దగ్గర ఇడిసి పోతరు" అని అడగండి. మేడారం జాతర, పెండ్లిళ్లు, ఎండాకాలం సెలవులు, వీటన్నిటికీ దాన్ని చూస్కునే ఒక మనిషి పేరు మీ దగ్గర ఉండాలె, ఊరికే "ఎవరో ఒకరు చూస్తరు" అంటే నడువదు.

కొనుడు దాక వస్తే, కేంద్రం 2017ల పెట్టిన డాగ్ బ్రీడింగ్ రూల్స్ ప్రకారం బ్రీడర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలె, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మొద్దు, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉండాలె. నలభై రోజులకే ఇస్త, ఇప్పుడైతేనే మాలిమైతది అంటే అక్కడికెల్లి లేచి రండి. తల్లిని చూపియ్యమనండి, తల్లి మనుషులకు భయపడి మూలకు పోతుందా, మీదికొస్తుందా, దగ్గరికొచ్చి వాసన చూస్తుందా, పిల్ల ఎట్లుంటదో చాలావరకు అక్కడ్నే తెలుస్తది. టీకా కార్డు మీద మందు స్టిక్కరు, డాక్టర్ సంతకం రెండూ చూడండి, ఉత్త పెన్నుతోని రాసిన తారీఖును నమ్మొద్దు. ఆన్‌లైన్‌ల ఫోటో చూసి, అడ్వాన్స్ కొట్టి, బస్సుల డబ్బాల పెట్టి పంపిస్తమంటే ఒప్పుకోకండి. చెవులు కోపిస్తరా, తోక కట్ చేపిస్తరా అంటే అవసరం లేదనండి, తోక ఉంటేనే దాని మనసుల ఏమున్నదో మనకు తెలిసేది.

ఇంతా చూసినంక గేటు దగ్గరో, టైము దగ్గరో ఆగిపోయిందనుకోండి, కుక్కే వద్దు అని కాదు. పొడుగు మెట్లు లేని ఇల్లయితే డాష్‌హండ్ ఉన్నది, కొంచెం నెమ్మది, మొండితనం మాత్రం తక్కువేం కాదు, వెన్నుపూస సమస్య ఉంటది కాబట్టి డూప్లెక్సులకు వద్దు. జాక్ రసెల్ అయితే మిన్ పిన్ కన్న ఇంకా ఎక్కువ ఊపు, ఇది కష్టమనుకున్నోళ్లు దాని దిక్కు చూడనే వద్దు. మన దగ్గర పామ్ అని అమ్మేదాంట్ల చాలావరకు ఇండియన్ స్పిట్జ్, మన వాతావరణానికి అలవాటైంది, మొరుగుతది కాని గేటు దాటి పోవాలన్న తిక్క తక్కువ. గల్లీల పుట్టిన నాటు కుక్కపిల్లను తెచ్చి టీకాలు వేపిచ్చి పెంచినా బంగారంగ ఉంటది, కొనే ఖర్చు లేదు, మన ఎండకు పుట్టిందే అది.

అన్నిట్ల పాస్ అయితే తెచ్చే టైము కూడా చూసి తెచ్చుకోండి. ఎండలు ముదిరిన ఏప్రిల్, మేల వద్దు. వినాయక చవితి నుంచి దీపావళి దాక వద్దు, కొత్త ఇంట్ల మొదటి నెల పటాకుల చప్పుడు విన్న పిల్లకు ఆ భయం జన్మంతా ఉండిపోవచ్చు. దీపావళి అయిపోయి, ఇల్లు సద్దుమణిగి, ఇంట్ల ఒకరికి పది రోజులు సెలవు దొరికే టైముకు మాట్లాడి పెట్టుకోండి, అప్పటికి ఒక చిన్న స్వెట్టర్, హార్నెస్ కొని ఉంచండి, పార్వో (కుక్కపిల్లలను చంపే వాంతులు, విరేచనాల వైరస్ రోగం) టీకా డోసులు పదహారు వారాల వయసు దాక ఉంటయి, అవి పూర్తయ్యేదాక గల్లీల కింద దించకుండ చంకల ఎత్తుకోని తిప్పండి, చప్పుళ్లు, మనుషులు, బండ్లు అన్నీ పైకెల్లి చూస్తది.